నాగోలు దిగువన మూసీ సేద్యము



ఈ పూట నేను మీతో మురుగునీటిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. భోజనాల వేళ ఇదేమి ముచ్చట పెట్టాడని విసుక్కోకండి. నాగోలు మొదలుకొని పిలాయిపల్లి దాక, ఆ దిగువన ధర్మారెడ్డిపల్లి కాలువ, బునాదిగాని కాలువల క్రింద సేద్యం చేసుకొనే వారికి ఇది అన్నం పెట్టే సంగతి. తక్కిన ఊళ్ళ వారికి కూడా రేపో మాపో రాబోయే సంగతి. పట్టణాలు పెరుగుతున్నవి. ప్రతి పట్టణం దిగువనా ఒక వాగు, ఆ వాగు వెంట కొన్ని మోటార్లు, ఆ మోటార్ల క్రింద కొన్ని ఎకరాలు ఉండనే ఉన్నవి.

ముందుగా ఆ నీటి ప్రయాణం ఎటువంటిదో చూడండి. హైదరాబాదుకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ ఉన్నది. ఈనాడు అది దుకాణాలతో, చదువు చెప్పే కేంద్రాలతో, మెట్రో రైలుతో కిటకిటలాడే పేట. ఒకప్పుడు అక్కడ దిల్‌సుఖ్‌రాం అనే ఆయనకు సాగు భూములు ఉండేవి. వాటిని ప్లాట్లు చేయగా ఆయన పేరుతోనే పేట వెలసినదని చెబుతారు. ప్రక్కనే సరూర్‌నగర్ చెరువు. అది 17వ శతాబ్దంలో కట్టిన చెరువు. దాని క్రింద పొలాలు పారేవి. ఆ పొలాలన్నీ ఇప్పుడు ఇండ్లు. మనం నాగలి దున్నిన చోటనే ఈనాడు లక్షల మంది స్నానాలు చేసి, బట్టలు ఉతికి, అంట్లు తోమి నీళ్ళు వదులుతున్నారన్న మాట.

ఆ ఇండ్లలో నల్లా త్రిప్పితే వచ్చేది చాలవరకు కృష్ణ నీరు. నాగార్జునసాగర్ జలాశయం నుండి తోడి, అక్కంపల్లి, కోదండాపురం మీదుగా వంద కిలోమీటర్లకు పైబడిన దూరం గొట్టాలలో తెచ్చి, ఎల్.బి.నగర్‌కు దగ్గరలోని సాహెబ్‌నగర్‌లో నింపుతారు. 2004లో ఈ నీరు మొదటి విడతగా నగరానికి చేరినది. ఆ నీరు ఇంట్లో ఒక పూట ఉండి, మురుగు గొట్టంలో పడి, పల్లానికి పారుతూ నాగోలు వద్ద మూసీ ఒడ్డుకు చేరుతుంది. అక్కడి నుండి మీ కత్వలు, మీ కాలువలు. ఇంకా దిగువన సోలిపేట వద్ద 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు. మీరు వాడుకోగా మిగిలినది వాడపల్లి వద్ద మళ్ళీ కృష్ణలోనే కలుస్తుంది. సాగర్ ఆనకట్టకు ఎగువన తీసిన నీరు ఆనకట్టకు దిగువన తిరిగి నదిలో పడుతున్నది. నడుమ దానిని వాడుకొనేవారు ఇద్దరు. ఒకరు పట్నం వారు, రెండవవారు మీరు. ఈ ఇద్దరి నడుమ ఉన్న గడప వంటిది ఆ నాగోలు శుద్ధి కేంద్రము.

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ స్వభావానికి వానకాలపు నది. 1908 సెప్టెంబరులో పొంగి నగరాన్ని ముంచినది కూడ ఈ నదియే. ఆ తరువాత ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఎండాకాలంలో మూసీ ఇసుక తేలి ఉండేదని పెద్దలు చెబుతారు. ఈనాడు నడివేసవిలో కూడ మూసీ పారుతున్నది. ఆ పారకమంతా నగరం విడిచిన నీరు. దానివల్లనే మీకు యాసంగి వరి పండుతున్నది, ఏడాది పొడుగునా పారాగడ్డి కోతకు వస్తున్నది. బోర్లు ఎండి బావులు ఎండి వలసపోయిన ఊళ్ళున్న జిల్లాలలో ఇది చిన్న మాట కాదు. కావున మురుగునీరు అనగానే ముక్కు మూసుకొని, ఆ నీటితో సేద్యం మానండని చెప్పే సలహాదారుల వరుసలో నేను లేను. మానితే ఏమి తినాలో వారు చెప్పరు.

ఇప్పుడు ఆ కేంద్రంలో ఏమి జరుగుతుందో చెబుతాను. జాతీయ నదీ సంరక్షణ పథకం క్రింద మూసీ వెంట మొదట నాలుగు కేంద్రాలు కట్టారు. అంబర్‌పేటలో రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు, నాగోలులో 17 కోట్ల 20 లక్షలు, ఉప్పల్ నల్లచెరువు వద్ద 3 కోట్లు, అత్తాపూర్‌లో 5 కోట్ల 10 లక్షల లీటర్లు శుద్ధి చేసే శక్తి గలవి. ఇది చాలలేదు. నగరం అంతకంటె ఎక్కువ మురుగు వదులుతున్నది. మిగిలినది పచ్చి మురుగుగానే నదిలో పడేది. అందువల్ల 2021లో సుమారు 3,866 కోట్ల రూపాయల ఖర్చుతో మరి 31 కేంద్రాలకు పూనుకున్నారు. అన్నీ కలిసి రోజుకు 125 కోట్ల 95 లక్షల లీటర్ల శక్తి. అందులో రాజేంద్రనగర్, ఎల్.బి.నగర్ సర్కిళ్ళకు ఆరు కేంద్రాలు. నాగోలులోనే 32 కోట్ల లీటర్ల పెద్ద కేంద్రం ఈ విడతలోనిదే.

కోట్ల లీటర్లంటే మనకు అంతు పట్టదు. మన లెక్కలో చూద్దాము. ఎకరం మడిలో ఒక అంగుళం నీరు నిలబెట్టాలంటే సుమారు లక్ష లీటర్లు కావాలి. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. 32 కోట్ల లీటర్లంటే రోజుకు 3,200 ఎకరాలకు అంగుళం చొప్పున నీరు. ఒక్క నాగోలు కొత్త కేంద్రం, ఒక్క రోజులో. మంచి చెరువు క్రింద ఉన్న ఊరు కూడ ఇంతటి ఏడాది పొడుగు నీటిని కల గనలేదు.

కేంద్రంలో మొదటి పని జల్లెడ పట్టడం. ఇనుప కమ్మీల నడుమ నుండి నీరు పోతుంది. గుడ్డ పేలికలు, ప్లాస్టిక్ సంచులు, పుల్లలు ఆగిపోతాయి. తరువాత ఒక తొట్టిలో నీటి వేగం తగ్గించి ఇసుకను దింపుతారు. ఆ మీదట అసలు పని. మొదట కట్టిన నాగోలు కేంద్రంలో ఈ పని మీ గోబర్ గ్యాస్ గొయ్యి పద్ధతిలోనే జరుగుతుంది. లోతైన తొట్టి అడుగున చిక్కని మడ్డి ఉంటుంది. ఆ మడ్డిలో గాలి అవసరం లేని సూక్ష్మజీవులు కోట్లకు కోట్లు. మురుగును అడుగు నుండి మెల్లగా పైకి పంపుతారు. మడ్డి గుండా పోయేటప్పుడు ఆ జీవులు కుళ్ళు పదార్థాన్ని తింటాయి. గ్యాసు పైకి వస్తుంది, మడ్డి క్రింద ఆగుతుంది, నీరు పై అంచు మీద నుండి పొర్లుతుంది. ఆ తరువాత గాలి పట్టించే చెరువు, ఇంకొక తేట చెరువు. కొత్త కేంద్రాలది వేరొక పద్ధతి. దానిని ఎస్.బి.ఆర్. అంటారు. ఒకే తొట్టిలో వంతుల వారీగా పని. నీరు నింపుతారు, అడుగు నుండి గాలి ఊదుతారు, ఊదడం ఆపి తేరనిస్తారు, తేట నీటిని పై నుండి తీస్తారు. కొన్ని గంటలలో ఒక దఫా పూర్తి. మన ఇండ్లలో బురద నీటి బిందెలో చిల్లగింజ అరగదీసి, మట్టి అడుగుకు దిగిన తరువాత పైనీరు వంచుకొనేవారు కదా. తేరనిచ్చి పైనీరు తీయడమనే ఆఖరు మెట్టు వరకు ఇది అదే. ఎక్కువైనది గాలి. ఆ గాలి ఊదడానికి కరెంటు కావాలి. కరెంటు లేకపోతే కేంద్రం ఒట్టి తొట్టి.

నీరు ఎంత శుద్ధమైనదో చెప్పడానికి ఒక కొలత ఉన్నది. దానిని బి.ఓ.డి. అంటారు. లీటరు నీటిలోని కుళ్ళును సూక్ష్మజీవులు తినడానికి ఎంత ప్రాణవాయువు కావాలో అది చెబుతుంది. పచ్చి మురుగులో ఇది మామూలుగా 200, 300 మిల్లీగ్రాముల దాక ఉంటుంది. అంత కుళ్ళు నదిలో పడితే నీటిలోని ప్రాణవాయువంతా దాని తిండికే అయిపోతుంది. చేప బ్రతకదు. కుళ్ళిన గ్రుడ్డు వాసన వస్తుంది. కత్వ మీద నుండి దూకే చోట సబ్బు నురుగు దూది కొండల మాదిరి లేస్తుంది. నదిలోకి వదిలే నీటిలో బి.ఓ.డి. 30 మించరాదని పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింది సాధారణ ప్రమాణం. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ శుద్ధి కేంద్రాలకు 10 అని మరింత బిగించినది. సేద్యానికి నేల మీద వదిలే నీటికి మాత్రం 100 వరకు చట్టం ఒప్పుకున్నది. ఎందుకనగా నేల కూడ ఒక శుద్ధి కేంద్రమే. మీ పొలం మట్టిలో ఉన్న సూక్ష్మజీవులకు ఆ కుళ్ళు ఆహారము.

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పి తీరాలి. మొన్న సరూర్‌నగర్ రైతుబజారుకు పోయినప్పుడు, ఆకుకూరల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడను పలకరించాను. ఆమెది మూసీ ఒడ్డు ఊరు. నేను వ్యవసాయశాఖ మనిషినని తెలిసి ఆమె అడిగిన మాట ఇది.

“సారూ, మావి మూసీ కూరలని కొనేటోళ్ళు మొఖం తిప్పుకుంటరు. గా నీళ్ళు ఆళ్ళ ఇండ్లల్లకెళ్ళి వచ్చినయే గద. ఆళ్ళు ఇడిసిన నీళ్ళు మేం పారిచ్చుకుంటే తప్పు మాదా?”

“తప్పు నీది కాదమ్మా” అన్నాను. “అయితే ఇప్పుడు శుద్ధి కేంద్రం పెద్దది కట్టినారు, నీళ్ళు మంచిగయితయి గద, ఇగ పాలకూర, కొత్తిమీర పచ్చిగనే తినొచ్చా?” అని రెండవ ప్రశ్న. దీనికి నేను వెంటనే అవుననలేకపోయాను. ఆమెకు అక్కడ తొందరలో చెప్పలేనిది ఇప్పుడు విడమరచి చెబుతున్నాను.

శుద్ధి కేంద్రం కుళ్ళును తీస్తుంది, మడ్డిని తీస్తుంది. ఏలికపాము, కొంకిపురుగు గ్రుడ్లు బరువైనవి కాబట్టి చాలావరకు మడ్డితోపాటు అడుగుకు దిగుతాయి. కాని కంటికి కనిపించని విరేచనాల క్రిములు నీరు తేటగా ఉన్నంత మాత్రాన పోయినట్లు కాదు. వాటికి చివరన క్లోరిన్ వంటి మందు వేయాలి. ఉప్పు ఎక్కడికీ పోదు. వంటింటిలో వేసిన ఉప్పు, బట్టల సబ్బులోని సోడా, అన్నీ నీటిలో కరిగి మీ పొలం దాక వస్తాయి. కార్ఖానాల రసాయనాలు, మందుల అవశేషాలు ఈ సూక్ష్మజీవులు తినే తిండి కాదు. 2007లో స్వీడన్ దేశపు పరిశోధకులు పటాన్‌చెరు వద్ద కార్ఖానాల వ్యర్థాలను శుద్ధి చేసిన తరువాతి నీటిలో కూడ యాంటీబయాటిక్ మందులు హెచ్చు మోతాదులో ఉన్నవని ప్రకటించారు. కార్ఖానా మురుగు ఇంటి మురుగులో కలవకుండా కార్ఖానా గేటు వద్దనే ఆపాలి. అది రైతు చేయగల పని కాదు. రైతు గట్టిగా అడగవలసిన పని.

పైగా నాగోలు కేంద్రం శుద్ధి చేసిన నీరు నదిలో ఒంటరిగా పోదు. ఎగువ నుండి, ప్రక్క నాలాల నుండి వచ్చే పచ్చి మురుగు ఎంత కలిసితే అంత మేరకు మళ్ళీ మురుగవుతుంది. అందుచేత కేంద్రం దాటిన గొట్టం దగ్గర తేటగా ఉన్నదని మీ కాలువ నీరు కూడ అంతే అనుకోవద్దు.

అయితే మీ నదికి ఒక మంచి గుణం ఉన్నది. పూర్వులు కట్టిన కత్వలు. ఇవి కాలువకు నీరు మళ్ళించడానికి కట్టినవే గాని, తెలియకుండానే ఇంకొక మేలు చేస్తున్నవి. కత్వ వెనుక నీరు నిలుస్తుంది. నిలిచిన చోట మడ్డి దిగుతుంది, మడ్డితో పాటు పురుగు గ్రుడ్లు దిగుతాయి. ఎండ తగులుతుంది, క్రిములు చస్తాయి. కత్వ దూకేటప్పుడు నీటికి గాలి పడుతుంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థతో కలిసి పనిచేసిన పరిశోధకులు నగరం నుండి 40 కిలోమీటర్ల దాక నీటిని పరీక్షించి, ఒక్కొక్క కత్వ దాటినకొద్దీ క్రిములు, పురుగు గ్రుడ్లు తగ్గుతూ పోయినవని చూపారు. కాబట్టి నాగోలు ప్రక్కనే ఉన్న రైతుకు, పిలాయిపల్లి దిగువ రైతుకు ఒకే సలహా చెప్పరాదు. నగరానికి దగ్గరగా ఉన్నవారు పారాగడ్డి, పూలమొక్కలు వంటివి వేసుకోవడం క్షేమం. వండి తినే కాయగూరలు, వరి ఆ తరువాత. పచ్చిగా కోసుకు తినే కొత్తిమీర, ముల్లంగి, కీర వంటివి మాత్రం మూసీ నీటితో వద్దు. మంచి బోరు ఉంటే దాని క్రింద వేసుకోండి.

ఇక మనిషి ఆరోగ్యం. కొంకిపురుగు పిల్లలు తడి మట్టిలో ఉండి, చెప్పులు లేని పాదం గుండా చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోతాయి. ప్రేగులకు అంటుకొని రక్తం పీలుస్తాయి. మనిషి పాలిపోతాడు, ఆయాసపడతాడు, పనికి ఓపిక ఉండదు. “ఎండకు నీరసం వచ్చింది” అనుకొని టీ త్రాగి ఊరుకుంటాము. మూసీ పచ్చి మురుగుతో సేద్యం చేసే కుటుంబాలలో ఈ పురుగు బాధ, మెరుగైన నీటితో సేద్యం చేసే వారికంటె హెచ్చుగా ఉన్నదని 2008లో ప్రకటించిన పరిశోధన ఒకటి చెప్పినది. కలుపు తీసేది, గడ్డి కోసేది ఎక్కువగా ఆడవాళ్ళు. గర్భిణీ స్త్రీకి రక్తహీనత ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

మోకాలి దాక రబ్బరు బూట్లు వేసుకోండని మేము చెబుతాము. వరి మడిలో ఆ బూట్లు బురదలో కూరుకుపోయి కాలు బయటకు వస్తుంది, బూటు లోపలే ఉంటుంది. ఈ మాట మీరు చాలాసార్లు చెప్పారు, నేనూ వేసుకొని చూశాను, నిజమే. కావున నాట్ల వేళ బూట్లు కుదరకపోతే కనీసం గట్ల మీద, కాలువ మడ్డి తీసేటప్పుడు, గడ్డి మోసేటప్పుడు వేసుకోండి. కాలికి చేతికి గాయం ఉన్న వారిని ఆ రోజు నీళ్ళలోకి దింపకండి. పొలం వద్ద ఒక బిందె మంచినీరు, ఒక సబ్బు ముక్క ఉంచండి. అన్నం మూట విప్పే ముందు కాళ్ళు చేతులు సబ్బుతో కడగండి, కాలువలో కాదు. పిల్లలకు బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పక వేయించండి. పెద్దలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును అడిగి వేసుకోవచ్చు. గర్భిణులు డాక్టరు చెప్పనిదే ఏ మాత్రా వేసుకోరాదు. మూసీ ఒడ్డున బోరు నీరు తేటగా వచ్చినా సరే, పరీక్ష చేయించనిదే త్రాగరాదు.

ఆకుకూరలు పండించే వారికి రెండు మాటలు. నీటిని బిందెలతో, పైపుతో ఆకుల మీద చల్లకండి. బోదెలు తీసి వేరుకు పారించండి. కోతకు ముందు కొన్ని రోజులు మురుగునీరు ఆపితే ఎండకు ఆకు మీది క్రిములు చాలావరకు చస్తాయి. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శకాలలో ఇది ముఖ్యమైన సూచన. ఒక్క శుద్ధి కేంద్రాన్నే నమ్ముకోకుండా పొలం వద్ద, కోత వద్ద, బజారులో, వంటింటిలో ఒక్కొక్క అడ్డుకట్ట వేయమని ఆ గ్రంథం సారాంశం. కోసిన కూరను తాజాగా ఉంచడానికి కాలువలో ముంచుతారే, ఆ ఒక్క అలవాటు మానండి. అంతకు ముందు పడిన శ్రమంతా ఆ ముంపుతో పోతుంది. సరూర్‌నగర్‌లోని ఆ పెద్దావిడ తడిపే బకెట్టు మాత్రం నల్లా నీటిదే. చూసి సంతోషించాను.

జాగా ఉన్నవారు మోటారుకు, మడికి నడుమ ఒక చిన్న కుంట త్రవ్వుకోండి. నీరు అందులో ఒకటి రెండు రోజులు నిలిస్తే పురుగు గ్రుడ్లు చాలావరకు దిగుతాయి. మోటారు ఫుట్‌వాల్వు కుంట అడుగుకు ఆనకుండా మూడు నాలుగడుగులు పైకి కట్టండి. అడుగు మడ్డి కలిస్తే కుంట ఉండీ లేనట్టే.

ఇప్పుడు ఎరువు లెక్కకు వస్తాను. ఇందులోనే మీ డబ్బు ఉన్నది. మురుగులో నత్రజని ఉన్నది, భాస్వరం ఉన్నది, కొంత పొటాష్ ఉన్నది. లీటరు నీటిలో 30 మిల్లీగ్రాముల నత్రజని ఉన్నదనుకుందాము. పచ్చి మురుగులో ఇంతకంటె ఎక్కువే ఉండవచ్చు. ఎకరానికి ఒక అంగుళం అంటే లక్ష లీటర్లు అన్నాను. అంటే అంగుళానికి మూడు కిలోల నత్రజని. వరికి పంటకాలంలో 24 అంగుళాల కాలువ నీరు పెట్టారనుకోండి, 72 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 21 కిలోలకు కొంచెం తక్కువ. ఆ లెక్కన సుమారు మూడున్నర బస్తాల యూరియా మీ కాలువలోనే వస్తున్నది. అదంతా మొక్కకు అందదు, కొంత గాలిలో కలుస్తుంది, కొంత క్రిందికి దిగుతుంది. అయినా వరికి సిఫారసు చేసే నత్రజని ఎకరానికి 50 కిలోల లోపే. నీటిలో అంత ఉండగా అలవాటు కొద్దీ పైన రెండు బస్తాలు చల్లితే ఏమవుతుంది? పైరు నల్లపచ్చగా, మనిషెత్తు ఏపుగా పెరుగుతుంది. చూసినవాడు మెచ్చుకుంటాడు. ఈనిక దశలో గాలివానకు పడిపోతుంది. సుడిదోమ, పొడ తెగులు, అగ్గి తెగులు వెతుక్కుంటూ వస్తాయి. తాలు ఎక్కువవుతుంది. మూసీ క్రింద వరి దిగుబడి తగ్గినదని చెప్పే రైతులలో చాలామంది తప్పు నీటిదంటారు. సగం తప్పు నీటిదైతే, సగం ఆ నీటి మీద చల్లిన యూరియాది.

కాబట్టి యూరియా బస్తా విప్పే ముందు ఆకు రంగు పట్టికతో పైరు రంగు సరిచూడండి. ఆకు పట్టిక చెప్పినంత పచ్చగా ఉంటే ఆ దఫా యూరియా వేయకండి. పొటాష్ మాత్రం భూసార పరీక్ష ప్రకారం వేయండి, కాండం గట్టిపడుతుంది. పడిపోని పొట్టి రకాలు ఎంచుకోండి. పారాగడ్డి కోసేవారు కూడ ఒకటి గమనించాలి. నత్రజని ఎక్కువ త్రాగిన లేత గడ్డిని ఒట్టిగా కడుపు నిండా మేపితే పశువుకు విషమయ్యే ప్రమాదం ఉన్నది. ఎండు వరిగడ్డి కలిపి మేపమని మీ వద్ద కొనే పాడివారికి చెప్పండి.

మరొక సంగతి. కేంద్రాలు బాగా పనిచేసినకొద్దీ ఈ ఎరువు లెక్క మారుతుంది. మెక్సికో దేశంలో మెస్కిటాల్ లోయ అని ఉన్నది. మెక్సికో నగరపు మురుగుతో అక్కడ నూరేళ్ళకు పైగా వేల వేల ఎకరాలు సాగు చేశారు. 2017లో అటోటోనిల్కో అనే చోట బ్రహ్మాండమైన శుద్ధి కేంద్రం ప్రారంభమైతే, నీటిలో బలం తగ్గిందని, ఎరువు ఖర్చు పెరుగుతుందని అక్కడి రైతులే ఆందోళన చెందారు. మనకు వింతగా తోచవచ్చు గాని వారి భయం ఉత్తది కాదు. పాత నాగోలు పద్ధతి కుళ్ళును తీసినా నత్రజనిని పెద్దగా తీయదు. కొత్త పద్ధతి గాలి ఊది, ఆపి, మళ్ళీ ఊది నత్రజనిలో కొంత భాగాన్ని గాలిలోకి పంపగలదు. అప్పుడు మూడున్నర బస్తాలు రెండు కావచ్చు, ఒకటి కావచ్చు. నేడు ఎరువు తగ్గించమని చెప్పిన నేనే మూడేండ్ల తరువాత కొంచెం పెంచమని చెప్పవలసి రావచ్చు. నీరు మారినదని తెలియకుండా పాత అలవాటుతో పోయేవాడు రెండు విధాలా నష్టపోతాడు. నా మట్టుకు నేను తక్కువ ఎరువు, తక్కువ పురుగు ఉన్న నీటినే కోరుకుంటాను. యూరియా కొనుక్కోవచ్చు, మనిషి రక్తం కొనుక్కోవడం కష్టం.

ఇంకొక భయం ఉన్నది. ఇది మీలో కొందరు అడిగారు, నాకూ ఉన్నది. మురికిగా ఉన్నన్నాళ్ళు ఆ నీటిని ఎవరూ అడగలేదు. తేటబడితే కార్ఖానాలు అడుగుతాయి, కట్టడాల వారు అడుగుతారు, పట్నపు తోటలకు కావాలంటారు. దిగువ ఆయకట్టు సంగతి ఎవరు తలుస్తారు? 2002 నవంబరు 14న హైదరాబాదులోనే పలు దేశాల శాస్త్రజ్ఞులు కూడి మురుగునీటి సేద్యం మీద ఒక ప్రకటన చేశారు. పట్టణపు నీటితో బీదరైతు బ్రతుకుతున్నాడని, ఆ బ్రతుకు తెరువును కాపాడుతూనే ఆరోగ్యాన్ని, పర్యావరణాన్ని కాపాడాలని అందులో ఉన్నది. ఆ ప్రకటనకు హైదరాబాదు పేరే పెట్టారు. కాలువల క్రింది రైతులు ఒక్కొక్కరుగా కాక, కాలువ వారీగా కూడి, మా కాలువ క్రింద ఇన్ని ఎకరాలు పారుతున్నవని కాగితం మీద లెక్క తయారు చేసి పెట్టుకోవాలి. గ్రామసేవకులు, విస్తరణాధికారులు ఈ పనిలో సాయం చేయాలి. లెక్క లేని ఆయకట్టుకు ఏ దస్త్రంలోను చోటుండదు.

కేంద్రంలో మిగిలే మడ్డిని ఎరువుగా అమ్మితే కొనవచ్చునా అని అడుగుతారు. నీటిలో నుండి దిగిన పురుగు గ్రుడ్లన్నీ ఆ మడ్డిలోనే ఉన్నవి. పచ్చిది పొలంలోకి తేకండి. బాగా ఎండి, నెలల తరబడి మ్రగ్గినది, లోహాల పరీక్ష అయినది అయితే పూలమొక్కలకు, కట్టెల కోసం పెంచే చెట్లకు వేయవచ్చు. ఆకుకూరలకు, దుంపలకు వద్దు.

చివరగా నీటి పరీక్ష. ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, వానలు తగ్గిన తరువాత ఒకసారి చేయించండి. లీటరు ప్లాస్టిక్ సీసాను అదే కాలువ నీటితో మూడుసార్లు తొలిచి, ఒడ్డున కాక నడిమి పారకంలో ముంచి, అంచు దాక నింపి మూత బిగించండి. ఊరు పేరు, కాలువ పేరు, తేదీ వ్రాసి అంటించండి. మరునాటికల్లా రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికో, మీ దగ్గరి ప్రయోగశాలకో చేర్చండి. ఉప్పు ఎంత, సోడియం ఎంత, నత్రజని ఎంత అని మూడూ అడగండి. సోడియం ఎక్కువైతే నేల చౌడుబారుతుంది. అప్పుడు జిప్సం ఎంత వేయాలో భూసార పరీక్ష చూసి చెబుతారు. ఆ కాగితం వచ్చిన రోజున దానిని పట్టుకొని మీ వ్యవసాయ విస్తరణాధికారి వద్దకు పోండి. యూరియా బస్తా లెక్క ఇద్దరూ కూర్చొని వేసుకోండి. సరూర్‌నగర్‌లోని ఆ పెద్దావిడ కాలువ నీరు సీసాలో పట్టించి వచ్చే వారం తెస్తానని చెప్పినది. ఫలితం వచ్చిన తరువాత ఆమె కొత్తిమీర సంగతి మరొక పూట మనవి చేస్తాను.